పేరు మరువని పసివారు



అగ్నిగుండంలో పడవేయబడిన ముగ్గురు యౌవనుల పేర్లేమిటని సండే స్కూలుకు వెళ్ళే ఏ పిల్లవాణ్ణయినా అడిగి చూడండి. షద్రకు, మేషాకు, అబేద్నెగో అని గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మరి వాళ్ళ అమ్మానాన్నలు పెట్టిన పేర్లేమిటని అడగండి. పిల్లవాడి సంగతి అలా ఉంచి, పెద్దవాళ్ళమైన మనం కూడా ఒక్క క్షణం తడుముకుంటాం. హనన్యా, మిషాయేలు, అజర్యా. యెరూషలేములో వాళ్ళ ఇంట్లో పిలుచుకున్న పేర్లు ఇవి. చెరపట్టి తీసుకుపోయిన రాజుగారి ఉద్యోగి పెట్టిన పేర్లే మన నోట నిలిచాయి. దానియేలు ఒక్కడికే బెల్తెషాజరు అన్న పేరు మన దగ్గర అంటలేదు.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానంటే, నూరేళ్ళ క్రితం లెబనాను కొండల మీద ఒక పాఠశాల భవనంలో దాదాపు 1,000 మంది అర్మేనియన్ పిల్లలకు సరిగ్గా ఇదే జరిగింది. వాళ్ళను నిలబెట్టి పేర్లు మార్చారు. ఒక్కొక్కరికి ఒక అంకె ఇచ్చారు. ఆ పిల్లల్లో ఆరేళ్ళవాడు ఒకడు ఉన్నాడు. వాడి అంకె 551. వాడి అసలు పేరు కార్నిగ్ పానియాన్. ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది ప్రధానంగా ఆ పిల్లవాడి సంగతే.

ముందుగా ఈ అర్మేనియన్లు ఎవరో చెప్పుకోవాలి. మీలో మద్రాసు వెళ్ళినవారు పారిస్ కార్నర్ దగ్గర అర్మేనియన్ స్ట్రీట్ అనే వీధిని చూసే ఉంటారు. అక్కడ 1772లో కట్టిన వాళ్ళ దేవాలయం ఇప్పటికీ ఉంది. అర్మేనియన్ భాషలో ప్రపంచంలోనే మొట్టమొదటి పత్రిక 1794లో వెలువడింది ఆ మద్రాసులోనే. పత్రిక పేరు అజ్దరార్. అంతదూరం కూడా వెళ్ళనక్కరలేదు. మన హైదరాబాదు పాతబస్తీలో, ఉప్పుగూడలో, పదిహేడో శతాబ్దపు అర్మేనియన్ వర్తకుల సమాధులున్నాయి. పట్టు, వజ్రాలు, అద్దకపు బట్టల వ్యాపారం కోసం గోల్కొండ రాజ్యానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన వాళ్ళు వారు. అంటే ఈ జాతి మనకు మరీ కొత్తవాళ్ళేమీ కాదు.

క్రీస్తు శకం 301లో వాళ్ళ రాజు క్రైస్తవ మతాన్ని రాజ్యమతంగా స్వీకరించాడని వాళ్ళ సంప్రదాయం చెబుతుంది. 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి వాళ్ళ భాషకు అక్షరాలు కూర్చాడు. ఆ అక్షరాలతో మొట్టమొదట చేసిన పనుల్లో ఒకటి బైబిలును అనువదించుకోవడం. ఇంకొక సంగతి గుర్తుంచుకోండి. అర్మేనియన్ ఇంటిపేర్లు ఎక్కువగా 'యాన్' అని ముగుస్తాయి. ఫలానావారి వంశం అని దాని అర్థం. మనకు ఇంటిపేరు చెప్పగానే ఊరో, వంశమో తెలిసినట్లే, వాళ్ళకు ఆ చివరి అక్షరాలు వినగానే మనవాడే అని తెలిసిపోతుంది. ఆంతూరాలో పేర్లమీద ఎందుకు పడ్డారో అర్థం కావడానికి ఈ చిన్న సంగతి పనికివస్తుంది.

కార్నిగ్ 1910లో పుట్టాడు. ఊరు గురిన్. ఇప్పటి టర్కీ దేశం నడుమ సివాస్ ప్రాంతంలోని కొండల మధ్య ఉంది. అప్పుడది ఒట్టోమన్ సామ్రాజ్యం. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధంలో రష్యా చేతిలో దెబ్బతిన్న ఒట్టోమన్ ప్రభుత్వం, తన సరిహద్దు లోపలున్న అర్మేనియన్లంతా శత్రువుకు తోడ్పడేవాళ్ళేనని ముద్ర వేసింది. 1915 ఏప్రిల్ 24న కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, రెండు వందల మందికి పైగా అర్మేనియన్ పెద్దలను రాత్రికి రాత్రి పట్టుకుపోయారు. రచయితలు, గురువులు, వైద్యులు, శాసనసభ్యులు. వారిలో చాలామంది తిరిగి రాలేదు. మే నెలాఖరులో ప్రజలను తరలించడానికి చట్టం చేశారు. చట్టంలో రాసింది తరలింపు అని. దారిలో జరిగింది సంహారం. మగవాళ్ళను ముందే వేరుచేసి చంపారు. ఆడవాళ్ళను, ముసలివాళ్ళను, పిల్లలను సిరియా ఎడారి వైపు నడిపించారు. పది లక్షలకు పైగా చనిపోయారని చాలామంది చరిత్రకారుల లెక్క. 15 లక్షలని అర్మేనియన్లు అంటారు.

అయిదేళ్ళ పిల్లవాడికి ఇవేవీ తెలియవు కదా. వాడికి తెలిసిందల్లా ఒక రోజు ఇల్లు వదిలి బయలుదేరాం అని. గురిన్ నుండి సిరియాలోని హమా పట్టణం సూటిగా కొలిస్తేనే దాదాపు 400 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి తిరుపతికి ఉన్నంత దూరమనుకోండి. కొండ దారులు తిరిగి తిరిగి వెళ్ళేవాళ్ళకు అది ఎంతయిందో ఆలోచించండి. చంకన బిడ్డ, నెత్తిన మూట, పక్కన నడవలేని ముసలివాళ్ళు. మన పెద్దలు కరువు రోజుల్లో ఊళ్ళు ఖాళీ చేసి పోవడం గురించి చెప్పేవారు. కాని కరువులో బయలుదేరినవాడు ఎక్కడ ఆగాలో తానే తేల్చుకుంటాడు. వీళ్ళ వెనుక తుపాకులున్నాయి.

ఎడారి శిబిరంలో కార్నిగ్ కుటుంబం ఒక్కొక్కరే రాలిపోయారు. తల్లి కూడా పోయింది. ఆకలి, జ్వరాలు. తాత, అవ్వ మిగిలారు. తమకే తిండి లేని ఆ ముసలివాళ్ళు మనవణ్ణి హమాలోని అనాథాశ్రమంలో చేర్చారు. వాణ్ణి వదిలించుకోవడానికి కాదండీ, వాడైనా బ్రతుకుతాడని. తన బిడ్డ బ్రతకాలని జమ్ము పెట్టెలో పెట్టి నదిలో వదిలిన తల్లి సంగతి మనకు తెలుసు. ఆ 1915, 1916 సంవత్సరాల్లో అలాంటి పెట్టెలు ఎన్నో వదిలారు. కొందరు తల్లులు దారిన పోయే అరబ్బు కుటుంబాల చేతుల్లో బిడ్డలను పెట్టారు. ఆ ఇళ్ళల్లో కొన్ని వాళ్ళను కన్నబిడ్డల్లా చూసుకున్నాయి. కొన్ని బానిసల్లా వాడుకున్నాయి. రెండూ నిజమే. దీన్ని ముస్లిములందరూ క్రైస్తవులందరి మీదా చేసిన పని అని చెప్పేవారుంటారు. అలా చెబితే, ఆకలి రోజుల్లో తమ రొట్టెలో సగం తుంచి ఇచ్చిన ముస్లిం తల్లుల పట్ల మనం అబద్ధ సాక్ష్యం పలికినట్లే.

1916లో కార్నిగ్‌ను హమా నుండి ఆంతూరాకు తరలించారు. బేరూతుకు ఉత్తరాన కొండమీద ఉన్న ఊరది. అక్కడ ఫ్రెంచి లాజరిస్టు గురువులు 1834లో స్థాపించిన సెయింట్ జోసఫ్ కాలేజీ ఉంది. యుద్ధం రాగానే ఫ్రాన్సు శత్రుదేశమైంది కాబట్టి గురువులను వెళ్ళగొట్టారు. సిరియా ప్రాంతమంతటికీ అధికారి, నాలుగో సైన్యానికి సేనాని అయిన జెమాల్ పాషా ఆ భవనాన్ని అనాథాశ్రమంగా మార్చాడు. అర్మేనియన్ పిల్లలు దాదాపు 1,000 మంది. వాళ్ళతోబాటు కొన్ని వందల మంది కుర్దు పిల్లలు. కుర్దు పిల్లలు ముస్లిములే అయినా వాళ్ళ భాషను కూడా మాన్పించాలనే చూశారు. ఈ సంగతి చాలామంది చెప్పరు.

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. ఆ భవనంలో మంచాలున్నాయి, బడి ఉంది, పంతుళ్ళున్నారు, గంట మోగితే భోజనం ఉంది. బయటినుండి చూసినవాళ్ళు ధర్మకార్యమే అనుకుంటారు. పైగా ఆ పిల్లల తల్లిదండ్రులు చనిపోయిన ఎడారితో పోలిస్తే ఇది స్వర్గం. అయితే ఈ స్వర్గంలో ఉండాలంటే ఒక షరతు. నువ్వెవరివో మరచిపోవాలి. మగపిల్లలకు సున్నతి చేశారు. టర్కీ పేర్లు, వాటితో అంకెలు ఇచ్చారు. టర్కీ భాషే మాట్లాడాలి. సాయంత్రం జెండా దించేటప్పుడు పాషాగారికి జయం అని అందరూ కేకవేయాలి. ఆ తరువాత ఆ రోజు తప్పు చేసినవాళ్ళకు శిక్ష. ఫలాకా అంటారు, కాళ్ళు కట్టి అరికాళ్ళమీద బెత్తంతో కొట్టడం. అన్నిటికంటే పెద్ద తప్పు అర్మేనియన్ మాట పలకడం.

ఏడేళ్ళ పిల్లవాడు. ఆటలో దెబ్బ తగిలి "అమ్మా" అని అరిచాడనుకోండి. ఏ భాషలో అరుస్తాడు?

ఆ ఆశ్రమాన్ని కొంతకాలం పర్యవేక్షించినవారిలో హాలిదే ఎదిబ్ ఒకరు. టర్కీలో పేరు మోసిన రచయిత్రి. స్త్రీల చదువు కోసం పాటుపడ్డ మనిషి. 1935లో మన దేశానికి వచ్చి ఢిల్లీలో జామియా మిల్లియాలో ఉపన్యాసాలు ఇచ్చారు. ఒక ఉపన్యాసానికి గాంధీగారే అధ్యక్షత వహించారు. ఆమె తన జ్ఞాపకాల్లో రాసుకున్నదేమిటంటే, అర్మేనియన్ పిల్లలకు ముస్లిం పేర్లు పెట్టడం తప్పని, చరిత్ర దీనికి లెక్క అడుగుతుందని తాను జెమాల్ పాషాతో అన్నానని. అర్మేనియన్ ఆశ్రమాలు నడపడానికి తనకు అనుమతిగాని డబ్బుగాని లేవని, ఇది ముస్లిం ఆశ్రమం కాబట్టి ముస్లిం పేరుంటేనే చోటు ఇవ్వగలనని, పిల్లలు వీధుల్లో చచ్చిపోతుంటే చూడలేనని పాషా జవాబు చెప్పాడట. ఆ జవాబులో కొంత నిజం లేకపోలేదు. ఆకలితో చచ్చేవాడికి అన్నం పెట్టాడు కదా అని మనలో కొందరికి అనిపించవచ్చు కూడా. కాని ఆ పిల్లలను అనాథలను చేసిన ప్రభుత్వంలో ఆయన కూడా పెద్ద మంత్రి అన్న సంగతి ఆ జవాబులో లేదు. హాలిదే గారు ఆ మాట అని ఊరుకున్నారు. తరువాత కూడా అక్కడి పనిలోనే ఉన్నారు. మంచిచెడ్డలు తెలిసిన మనిషి ఒకసారి అభ్యంతరం చెప్పి, మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చోవడం నన్ను ఎంతో కలవరపెట్టింది. క్రూరుడి సంగతి వదిలేయండి, ఆమె సంగతే నన్ను ఎక్కువగా వెంటాడింది.

అన్నం కూడా ఎంతోకాలం సాగలేదు. 1915లో మిడతల దండు వచ్చింది. ఒడ్డున మిత్రరాజ్యాల ఓడలు అడ్డగించాయి. ఉన్న ధాన్యం సైన్యానికి పోయింది. లెబనాను కొండల్లో జనాభాలో ఇంచుమించు మూడోవంతు ఆకలికి పోయారు. ఆంతూరాలో వందల మంది పిల్లలు చనిపోయారు. వాళ్ళను లోతుగా పూడ్చే ఓపిక ఎవరికీ లేదు. నక్కలు తవ్విపోసేవి. పెద్దవాడైన తరువాత కార్నిగ్ రాసిన జ్ఞాపకాల్లో ఒక సంగతి ఉంది. చెప్పాలా వద్దా అని నేను చాలాసేపు ఆలోచించాను. రాత్రిపూట పండ్ల కోసం బయటికి పోయిన పిల్లల కాళ్ళకు ఆ ఎముకలు తగిలేవి. తెచ్చి, నూరి, గంజిలో కలుపుకుని తాగారు. ఎవరి ఎముకలో వాళ్ళకు తెలుసు.

ఇంత జరిగినా ఆ పిల్లలు లొంగిపోయారనుకోకండి. గుంపులు కట్టి చుట్టుపక్కల తోటలమీద దాడి చేసి పండ్లు దొంగిలించి పంచుకునేవారు. కొందరు పారిపోయి కొండ గుహల్లో కాపురం పెట్టారు. పెద్దవాళ్ళు వినని చోట తమ భాషలోనే మాట్లాడుకున్నారు. ఒకడినొకడు అసలు పేర్లతోనే పిలుచుకున్నారు. ఒకసారి ఊహించండి. నువ్వు పలానా వాడివి అని నీకు గుర్తు చేయడానికి నాన్న లేడు, అమ్మ లేదు, అవ్వ ఎక్కడుందో తెలియదు, గుడి లేదు, పుస్తకం లేదు. పక్క మంచంమీద పడుకున్న ఎనిమిదేళ్ళవాడు ఒక్కడే ఉన్నాడు. వాడు నీ పేరు మరచిపోకుండా ఉంటే నువ్వు ఉన్నట్లు. నువ్వు వాడి పేరు మరచిపోకుండా ఉంటే వాడు ఉన్నట్లు.

మరీ చిన్నవాళ్ళకు అదీ కుదరలేదు. మూడేళ్ళప్పుడు తల్లి పోయిన బిడ్డకు ఏ పేరు గుర్తుంటుంది? యుద్ధం అయ్యాక, 1919లో, ఇస్తాంబుల్‌లో తటస్థ గృహం అని ఒక ఇల్లు తెరిచారు. దొరికిన పిల్లల్లో ఎవరు అర్మేనియన్, ఎవరు టర్కు అని తేల్చడానికి. ఈ బిడ్డ మావాడని వీళ్ళు, కాదు మావాడని వాళ్ళు. మధ్యలో ఏమీ తెలియక చూస్తున్న పసివాడు. పొరపాట్లు రెండువైపులా జరిగే ఉంటాయి. సొలొమోను ముందుకు వచ్చిన ఇద్దరు తల్లుల తగవైతే తీర్చవచ్చు. ఇక్కడ ఆ తల్లి ఏనాడో చనిపోయింది.

ఆడపిల్లల సంగతి వేరు. ఎడారిలోని తెగల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు, పెళ్ళి పేరుతో ఇచ్చేసినవాళ్ళకు, ఆ తెగ ఆచారం ప్రకారం గడ్డంమీద, పెదవులమీద, చేతులమీద పచ్చబొట్లు పొడిచారు. పేరైతే మళ్ళీ మార్చుకోవచ్చు. పచ్చబొట్టు పోతుందా? డెన్మార్కు నుండి వచ్చిన కారెన్ యెప్పె అనే మిషనరీ, నానాజాతి సమితి తరపున, 1920లలో అలెప్పోలో ఇలాంటివారి కోసం ఒక ఆశ్రయం నడిపింది. వచ్చిన ప్రతి ఒక్కరి వివరాలు పుస్తకంలో రాసి ఫొటో అంటించారు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, ఎవరి ఇంట్లో ఉన్నది, ఎలా తప్పించుకున్నది. 1,500కు పైగా ఉన్న ఆ నమోదులు ఇప్పటికీ జెనీవాలో భద్రంగా ఉన్నాయి. ఆ దొరసాని చేసిన పనుల్లో అన్నిటికంటే గొప్పది నాకు ఇదే అనిపిస్తుంది. అన్నం, బట్ట ఎవరైనా పెడతారు. ఆమె ముందు కూర్చుని "నీ పేరేమిటమ్మా, మీ నాన్న పేరేమిటి" అని అడిగి రాసుకుంది.

అమెరికాలో నియర్ ఈస్ట్ రిలీఫ్ అనే సంస్థ కూడా చాలా చేసింది. సండే స్కూలు పిల్లలు సైతం చిల్లర డబ్బులు కూడబెట్టి పంపారు. లక్షకు పైగా అనాథలను ఆ సంస్థ పోషించింది. లెబనానులోని ఘజీర్‌లో వాళ్ళ ఆశ్రమంలో ఉన్న 400 మంది ఆడపిల్లలు దాదాపు ఏడాదిన్నరపాటు ఒక పెద్ద తివాచీ నేసి 1925లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జికి కానుకగా పంపారు. అది ఇప్పటికీ వైట్ హౌస్ సొత్తుల్లో ఉంది.

మళ్ళీ ఆంతూరాకు వద్దాం. 1918 అక్టోబరులో బ్రిటిషు, ఫ్రెంచి సేనలు బేరూతు చేరాయి. ఆశ్రమం అధికారులు పిల్లలను అలాగే వదిలేసి వెళ్ళిపోయారు. పెద్దదిక్కు లేకుండా కొన్నాళ్ళు పిల్లలే మిగిలారు. తరువాత బేరూతులోని అమెరికన్ కాలేజీనుండి బేయార్డ్ డాడ్జి, రెడ్ క్రాసు వాళ్ళు వచ్చి చేరదీశారు. అప్పటికి కార్నిగ్‌కు ఎనిమిదేళ్ళు. ఇల్లు వదిలి మూడేళ్ళు దాటింది. తన పేరు వాడికి గుర్తుంది.

మనకు ఒక ప్రశ్న రావచ్చు. ఈ పిల్లలను ఎవరూ కత్తితో పొడవలేదు కదా, బడిలో పెట్టారు కదా, దీన్ని కూడా జాతి నిర్మూలన అనవచ్చునా అని. పోలండు యూదుడైన రాఫేల్ లెమ్కిన్ అనే న్యాయవాది ఈ ప్రశ్న గురించే ఆలోచించాడు. కుర్రవాడుగా ఉన్నప్పుడు అర్మేనియన్ల సంగతి చదివి, ఒక మనిషిని చంపితే నేరమైనప్పుడు ఒక జాతినే చంపితే నేరం కాకపోవడమేమిటని అడిగాడు. తరువాత అతని బంధువులనే నాజీలు చంపారు. జెనోసైడ్ అన్న మాటను 1944లో పుట్టించింది అతనే. అతని పట్టుదలవల్ల ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న ఒక ఒడంబడిక చేసింది. దాని రెండో అధికరణంలో అయిదు పనులను పేర్కొన్నారు. మొదటిది చంపడం. అయిదోది ఒక జాతి పిల్లలను బలవంతంగా ఇంకొక జాతికి మార్చడం. రెండూ ఒకే పట్టికలో ఉన్నాయి. మన దేశం 1959లో ఆ ఒడంబడికను ఆమోదించింది. 1915లో జరిగినదాన్ని ఆ పేరుతో పిలవడానికి టర్కీ ప్రభుత్వం మాత్రం నేటికీ ఒప్పుకోదు. అమెరికా అధ్యక్షుడు 2021 ఏప్రిల్ 24న ఒప్పుకున్నాడు, అంటే 106 ఏళ్ళకు.

ఆంతూరా కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. యుద్ధం తరువాత లాజరిస్టు గురువులు తిరిగి వచ్చారు. 1993లో అక్కడ కొత్త కట్టడం కోసం తవ్వితే చిన్నపిల్లల ఎముకలు బయటపడ్డాయి. వాటిని తీసి గురువుల సమాధుల చోట పూడ్చిపెట్టారు. 2010లో వాళ్ళ జ్ఞాపకార్థం విగ్రహం నిలిపారు. దానికింద చెక్కడానికి ఆ పిల్లల పేర్లు మాత్రం ఎవరి దగ్గరా పూర్తిగా లేవు.

కార్నిగ్ పానియాన్ బేరూతులోనే స్థిరపడ్డాడు. అక్కడి అర్మేనియన్ విద్యాలయం జెమరాన్‌లో పంతులుగా, తరువాత ఉప ప్రధానోపాధ్యాయుడుగా ఎన్నో ఏళ్ళు పనిచేశాడు. ఏ మాట పలికితే అరికాళ్ళు వాచేవో ఆ భాషలోనే బడి నడిచే చోట. ఆంతూరా సంగతులను అర్మేనియన్‌లోనే రాసి పెట్టాడు. 1989లో కన్నుమూశాడు. పుస్తకం 1992లో అచ్చయింది. ఇంగ్లీషులోకి 2015లో వచ్చింది, తరలింపు జరిగిన నూరేళ్ళకు.

హజరు పట్టీలో పిల్లల పేర్లు పిలిచేటప్పుడు ఆయన ఏమనుకునేవాడో నాకు తెలియదు. అందరి పేర్లూ 'యాన్' అనే ముగిసి ఉంటాయి.